అత్తా, నేనూ, ఒక కాయకం

ఇరవై మూడేళ్ల వయసులో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఆ రోజుల్లో గవర్నమెంటు ఉద్యోగ పరీక్షలకు చదువుతూ ఉండేదాన్ని కాబట్టి, ఏ నది ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో, దానికి కుడివైపు ఉపనదులేవో ఎడమవైపువేవో నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేదాన్ని. (నిద్రలో లేపి ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.) అయితే ఆ నదుల్లో ఒక్కదాన్నైనా నిండుగా పారుతుండగా చూసిన పాపాన పోలేదు. మాది విడపనకల్లు దగ్గర ఒక పల్లె. మా వైపు వంకలకు పేర్లుంటాయి గానీ నీళ్లుండవు. పెద్ద కాలువ ఒకటి ఊరికి దూరంగా పోతుంది, అందులో నీళ్లొచ్చే నెలల్లో జనం పెళ్లివారిని చూడబోయినట్టు పోయి చూసొస్తారు. అలాంటి ఊళ్లో కూర్చుని నేనొక పడవ ప్రయాణానికి ప్రణాళిక వేశానంటే, అందుకు సగం కారణం నా తెలివి, మిగతా సగం మా అత్త.

అత్త అంటే మా నాయనకు అక్క. మామ పోయినప్పటి నుంచి పన్నెండెకరాల మెట్ట చేను ఒంటిచేత్తో చేసుకుంటూ ఉంది. అప్పటికి ఆమెకు యాభై ఐదేళ్లు. చేలో నాలుగు బోర్లు వేయించింది. మూడింట్లో దుమ్ము వచ్చింది, నాలుగోదాంట్లో తడి దుమ్ము వచ్చింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తూ ఉన్నాం. నేను పక్కన ఫోను ఆనించి ఏవో వీడియోలు చూస్తున్నాను. (చదువుకుంటున్నానని ఇంట్లో అనుకునేవారు.) అందులో తల నెరిసిన ఒకావిడ సన్నటి పొడుగాటి పడవలో ఒక్కతే కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో పచ్చటి నదిలో పోతూ ఉంది. అత్త ఒలవడం ఆపేసింది. మళ్లీ పెట్టమంది. నాలుగుసార్లు చూసింది.

"ఈయమ్మకు నా వయసుంటాది. ఒక్కతే పోతాండాది సూడు," అంది. దాని పేరేమని అడిగితే కయాక్ అని చెప్పాను. అత్తకు అది కాయకంగా వినబడింది. కన్నడంలో కాయకమంటే పనే కదా, మంచి పేరే పెట్టినారు అని సంతోషపడింది. నేను రెండుసార్లు సరిదిద్ది, మూడోసారి నుంచి నేనూ కాయకమనే అన్నాను.

కాసేపాగి, కాయలు గంపలోకి నెట్టి, అత్త నా వైపు తిరిగింది. "నీళ్ల కోసరం నేల లోపలికి సూసినా, ఆకాశంలో మోడం పక్క సూసినా. నీళ్ల మింద కూసోని ఒక్కసారైనా సూడల్ల మే. సముద్రంలో కలిసే నది కావల్ల నాకు, మద్దెలో ఇంకిపోయేది వద్దు."

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. ప్రణాళిక అంటే నాకు ప్రాణం. పరీక్షల చదువులో కూడా చదివినదానికంటే టైంటేబులు గీసిందే ఎక్కువ. అత్తకు బళ్లారి మార్కెట్టు పుణ్యాన కన్నడం బాగా వచ్చు కాబట్టి ఉడుపి వైపు సముద్రంలో కలిసే ఒక నదిని ఎంచుకున్నాను. ఫోనులో మ్యాపు పెద్దది చేసి, నది వంపుల వెంట దారం పరిచి పొడవు కొలిచాను. పడవలు బాడుగకిచ్చే ఒకావిడ నంబరు పట్టుకుని మాట్లాడాను. ఆమె ఆ తీరం కన్నడంలో చాలాసేపు ఏదో చెప్పింది. సగం అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడం నా స్థాయికి తక్కువ కాబట్టి అవునన్నట్టు "హౌదు, హౌదు" అంటూ పోయాను. చివరికి మూడు రంగుల పెన్నులతో పథకం సిద్ధమైంది. ఎనిమిది గంటలకు బయలుదేరడం, ఎనిమిదీ నలభైకి మొదటి వంపు, తొమ్మిదీ ముప్పైకి నదీ ముఖద్వారం. దాని పక్కనే ఎర్ర సిరాతో, "నది సముద్రం వైపు పారును గనుక ప్రవాహము సహకరించును" అని రాసి కింద రెండు గీతలు గీశాను. జిరాక్సు అంగడికి పోయి దానికి ప్లాస్టిక్కు అట్ట కూడా వేయించాను.

అడ్డమొచ్చింది చిన్నాయన. నాయనకు తమ్ముడు, మండలంలో నలుగురికి తెలిసిన మనిషి, నలుగురూ ఏమనుకుంటారోనని పొద్దున లేచినప్పటి నుంచి ఆలోచించే మనిషి. నాయన పోయాక మా ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ ఆయనే మంచం మీద కూర్చుని చేసేవాడు. ఈత రాని ఇద్దరు ఆడవాళ్లు పడవేసుకుని సముద్రం దాకా పోతారా అని మొదట నవ్వాడు. అత్త నవ్వకపోయేసరికి ఆయనకు కోపమొచ్చింది. అక్కకు ఎదురు చెప్పలేక ఆ కోపమంతా నా మీదికి తిప్పాడు. చివరికి, ఇక ఈ మాట ఇంతటితో తెగిపోతుందన్న ధీమాతో ఒక షరతు పెట్టాడు. "ముందు ఈడ కాలవలో తేలి సూపించండప్పా. మునగకుండా తేలితే అప్పుడు సూస్తాం."

అత్త ఆ మాటను గట్టిగా పట్టుకుంది. మరుసటి రోజే పంక్చరు షాపుకు పోయి, తాడిపత్రి నుంచి బండలు మోసే లారీల పాత ట్యూబులు రెండు తెచ్చింది. ఒకదానికి పదకొండు అతుకులున్నాయి. రెండింటినీ జత చేసి, పైన గొడ్ల కొట్టానికి పనికిరాని పాత తలుపు వేసి, బావి తాడుతో బిగించాం. తెడ్లు వడ్రంగి చేత వేపచెక్కతో చేయించాం, ఒక్కోటి రోకలంత బరువుంది. మునగకుండా చెరి నాలుగు ఖాళీ నూనె డబ్బాలు నడుముకు కట్టుకున్నాం. నేను నా తెడ్డు మీద అడుగులూ అంగుళాలూ పెయింటుతో గుర్తులు పెట్టాను, లోతు కొలవడానికి. తలకు గడ్డి టోపీ, మెడలో దారానికి వేలాడే ప్లాస్టిక్కు అట్ట. అద్దంలో చూసుకుంటే నాకే గౌరవం కలిగింది.

పెద్ద కాలువ జోలికి పోయే ధైర్యం ఇద్దరికీ లేదు, అందులో నీళ్లు జోరుగా పారతాయి. దాన్నుంచి చీలిన పిల్ల కాలువలో ఒకచోట నీళ్లు కదలకుండా, నడుము లోతున, పెద్ద తొట్టిలో మాదిరి నిలబడి ఉన్నాయి. మా కోసమే ఎవరో ఆపి పెట్టినట్టున్నాయి. ఎందుకు నిలబడినాయో ఇద్దరిలో ఒక్కరమూ ఆలోచించలేదు. మొదటి రోజు మా తలుపు పడవ గుండ్రంగా తిరగడం తప్ప మరో పని చేయలేదు. రెండో రోజు అడ్డంగా పోయింది. మూడో రోజు పొద్దున ముందుకు పోయింది. అత్త వెనక కూర్చుని దారి చూపేది, నేను ముందు కూర్చుని లాగేదాన్ని. నేను పరీక్షలకు కూర్చున్నప్పటి నుంచి అత్త నన్ను కలెక్టరమ్మా అనే పిలిచేది, అందులో పావు ముద్దు, ముప్పావు ఎగతాళి. ఆ పొద్దున ఉత్సాహంలో ఆమె గొంతు ఫర్లాంగు దూరం వినబడుతూ ఉంది. "కలెక్టరమ్మా, ఎడం పక్క లాగు. కలెక్టరమ్మా, లోతెంతుండాదో సూడు."

నేను తెడ్డు నిలువుగా దించి, "మూడడుగుల రెండంగుళాలు," అని గట్టిగా చెప్పి తలెత్తేసరికి గట్టు మీద ఏడెనిమిది మంది రైతులు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. దిగువ పల్లె వాళ్లు. వాళ్లలో పెద్దాయన ఒకడు, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, నీళ్ల అంచుకు వచ్చాడు. మా పడవ వైపు, నా తెడ్డు మీది అంకెల వైపు, మెడలోని అట్ట వైపు చూశాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇంతవరకూ ఏ ఆపీసరూ కారు దిగలేదమ్మా," అన్నాడు. "నువ్వు నీళ్లలోకే దిగినావు."

ఇప్పుడు తలుచుకుంటే ఆ క్షణంలోనే నిజం చెప్పేసి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. అయితే రెండేళ్లుగా ఆఫీసరమ్మ అనిపించుకోవాలని కలలు కంటున్న నోరది. అందులోంచి, "చెప్పండి, సమస్య ఏమిటి?" అన్న మాట బయటికొచ్చింది. వాళ్లు చెప్పారు. కింద గేటు తుప్పుపట్టి మూసినది మూసినట్టే బిగుసుకుపోయిందట. నీళ్లు ఇక్కడే నిలబడిపోయి దిగువకు చుక్క దిగడం లేదట. మిరప చేలు వాడిపోతున్నాయట. ఇంకో పది రోజులు చూస్తే పెరికేయడమేనట. అంటే మేం మూడు రోజులుగా ఆడుకుంటున్న తొట్టి వాళ్ల చేలకు పోవాల్సిన నీళ్లన్నమాట. ఏం చేయాలో తోచక, అట్ట వెనక్కి తిప్పి, ఎవరి చేను ఎంత, ఎన్నాళ్ల నుంచి నీళ్లు లేవు అని అడుగుతూ పెన్నుతో రాసుకోవడం మొదలుపెట్టాను.

అప్పుడు కింద నుంచి బుస్సుమని శబ్దమొచ్చింది. పదకొండు అతుకుల ట్యూబులో పన్నెండో చిల్లు పడింది. పడవ నా వైపుకే మెల్లగా ఒరగసాగింది. హోదా వదులుకోవడం ఇష్టంలేక నేను రాసుకుంటూనే ఉన్నాను. నీళ్లు మోకాళ్లకొచ్చాయి. "మిరప ఎన్ని ఎకరాలు?" అన్నాను. నీళ్లు ఒడిలోకొచ్చాయి. ఎవరూ నవ్వలేదు, అధికారులు మునగడం కూడా తనిఖీలో భాగమేమో అనుకున్నట్టున్నారు. ఆఖరికి తలుపు నిట్టనిలువుగా లేచి, నేను నూనె డబ్బాలతో సహా బోర్లాపడితే, ఆ పెద్దాయనే తలగుడ్డ విసిరి గట్టుకు లాగాడు.

అత్త నీళ్లోడుతూ గట్టెక్కి వచ్చి నా పక్కన నిలబడింది. "కలెక్టరు కాదప్పా ఇది. నా తమ్ముని కూతురు. పరీచ్చలు రాస్తాండాది."

నేను చెప్పుల వైపు చూసుకుందామంటే అవి కాలువలో ఉన్నాయి. పెద్దాయన తలగుడ్డ పిండి, మళ్లీ చుట్టుకుని, నిదానంగా అన్నాడు. "రాసేదైతే వచ్చు కదా. మా అర్జీ రాయమ్మా."

ఆ మధ్యాహ్నం దిగువ పల్లెలో పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చుని రాశాను. పరీక్షల్లో పేజీలకు పేజీలు నింపిన చేయి ఒక్క పేజీ అర్జీకి మూడు చిత్తుప్రతులు చింపింది. అబద్ధమాడిన సిగ్గు ఒకవైపు, ఎండిపోయే మిరప ఒకవైపు. సంతకాలు పెట్టేవాళ్లు సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేసేవాళ్లు వేశారు. సోమవారం పెద్దాయనతో కలిసి పోయి, అర్జీలు తీసుకునే చోట నిలబడి, అసలైన అధికారి చేతికి ఇచ్చాను. ఆయన చదివి, గేటు దగ్గర నీళ్ల లోతు అంగుళాలతో సహా ఎలా తెలిసిందని అడిగాడు. కొలిచామని చెప్పాను. ఎలా కొలిచామన్నది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నాలుగో రోజు మనుషులొచ్చి గేటు విప్పి, కొత్త చువ్వ బిగించారు. నా అర్జీ వల్లే అయిందో, వాళ్లు ఎలాగూ చేద్దామనుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు. మా తొట్టిలోని నీళ్లు మాత్రం గంటలో దిగువకు దిగిపోయాయి. అత్త గట్టున నిలబడి అవి పోతుంటే చూసి, "పోనీలే, మన కాయకం ఈడికి సాలు," అంది.

మరుసటి రోజు దిగువ పల్లె వాళ్లు రెండు గంపల కూరగాయలు తీసుకుని మా ఇంటికొచ్చారు, నేరుగా చిన్నాయన దగ్గరికి. ఇంటిపెద్ద ఆయనే కాబట్టి, అంతా ఆయన చేయించిందే అనుకున్నారు. చిన్నాయన అప్పటికి అర్జీ సంగతే ఎరుగడు. అయినా ఎంత హుందాగా తల పంకించాడంటే, నేను కాలువలో "సమస్య ఏమిటి" అన్నప్పటి ముఖకవళికలు నాకు ఎవరి నుంచి వచ్చాయో ఆ రోజే అర్థమైంది. వాళ్లు వెళ్లిపోయాక ఆయన చాలాసేపు వంకాయల వైపు చూస్తూ కూర్చున్నాడు. అత్త ఆయన ఎదురుగా నిలబడి, కాలవలో తేలినాము, ఆ ఊరోళ్లే సాక్షి, అంది. మునిగిన సంగతి ఆమె ఎత్తలేదు, ఆయన అడగలేదు. "పోయి రండి. ఆ ట్యూబులు మాత్రం ఈడనే పెట్టిపోండి," అన్నాడు చిన్నాయన.

బళ్లారి మీదుగా బస్సులు మారి మారి ఉడుపి వైపు చేరేసరికి నాకు మొదట కనబడింది నది కాదు, పచ్చదనం. గోడల మీద కూడా పచ్చగా మొలిచి ఉంది. అత్త బస్సు కిటికీలోంచి చూస్తూ, వీళ్లు కలుపు ఎప్పుడు తీస్తారో అని కంగారుపడింది. పడవలావిడ సన్నగా, చురుగ్గా, చీర కుచ్చిళ్లు ఎగగట్టి నది ఒడ్డున మా కోసం ఎదురుచూస్తూ ఉంది. అత్త బళ్లారి కన్నడానికి ఆమె నవ్వింది, ఆమె తీరపు కన్నడానికి అత్త నవ్వింది, ఐదు నిమిషాల్లో ఇద్దరూ అక్కాచెల్లెళ్లయ్యారు. ఇంత పొద్దున్నే ఎందుకొచ్చారని ఆమె అడగబోతే, నేను మెడలోని అట్ట చూపించి ఎనిమిదింటికి బయలుదేరాలని చెప్పాను. ఆమె అట్ట వైపు చూసింది, నా వైపు చూసింది, సరే మీ ఇష్టమన్నట్టు తల ఊపి లైఫు జాకెట్లు తొడిగి, ఇద్దరు కూర్చునే పసుపుపచ్చ కయాక్‌లో మమ్మల్ని దించి, తాను వేరే పడవలో వెనకాల వచ్చింది.

వేపచెక్క తెడ్లతో కసరత్తు చేసిన చేతులకు ఆ ప్లాస్టిక్కు తెడ్లు పూచికపుల్లల్లా ఉన్నాయి. పావుగంట మేం రాణుల్లా పోయాం. తర్వాత ఏదో తేడాగా అనిపించింది. ఒడ్డున ఒక పెంకుటింటి ముందు తీగ మీద నీలం లుంగీ ఆరేసి ఉంది. పది నిమిషాలు లాగాక చూస్తే అదే లుంగీ. ఇంకో పది నిమిషాలు ప్రాణం పెట్టి లాగితే, లుంగీ మాకంటే ముందుకు పోయింది.

"నది ఎనక్కి పోతాండాది మే," అంది అత్త.

అది దృష్టి భ్రమ అని చెప్పాను. నదులు పల్లానికే పారతాయని, ఇది భూగోళ శాస్త్రంలో మొదటి పాఠమని చెప్పాను. అత్త వాదించకుండా ఒక ఎండుటాకు నీళ్లలో వేసింది. అది మమ్మల్ని పలకరించినట్టు ఒక్క క్షణం ఆగి, కొండల వైపు, పుట్టిన చోటి వైపు, హాయిగా వెళ్లిపోయింది. ఆటుపోట్ల గురించి నేను నాలుగు మార్కుల ప్రశ్నకు కంఠతా పెట్టాను. అవి నదిలోకి కూడా వస్తాయని, పోటు వేళ సముద్రమే నదిని వెనక్కి నెడుతుందని ఆ నాలుగు మార్కుల్లో లేదు. మధ్యాహ్నమైతే ఆటు మొదలవుతుంది, అప్పుడు రండి, నదే తీసుకుపోతుంది అని ఆవిడ ఫోనులో చెప్పిందట. నేను హౌదన్నానట. ఈ సంగతి ఆవిడ అత్తకు చెప్పడం, అత్త నాకు తెలుగులో మళ్లీ చెప్పడం జరిగాక, ఆ నదిలో మునిగిపోదామంటే లైఫు జాకెట్టు ఒప్పుకోదు. మెడలోని అట్ట తీసి కాళ్ల కింద పెట్టుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత దూరం తీసుకొచ్చి, ఊరందరి ముందూ గెలిచి, చివరికి అత్తను ఒక లుంగీ ఎదురుగా కూర్చోబెట్టానే అని.

అత్త పడవను ఒడ్డుకు నడిపించి, నీళ్లలోకి వంగిన ఒక కొమ్మకు తాడు వేసింది. మూట విప్పి జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి తీసి ముగ్గురికీ పంచింది. "నీళ్లొచ్చే దాకా కూసునేది మనకేం కొత్త మే? నలభై ఏండ్లు కూసున్న దాన్ని, ఇంగ మూడు గంటలు కూసోలేనా?"

కూర్చున్నాం. కొంగలు దిగాయి, చేపలు ఎగిరాయి. పడవలావిడ శెనక్కాయల పొడి రెండోసారి అడిగి పెట్టించుకుంది. చాలాసేపటికి, తేలుతూ వస్తున్న కొబ్బరిపీచొకటి మా ముందుకొచ్చి ఆగిపోయింది. కొంచెం ఊగింది. తర్వాత, ఎవరో వెనక నుంచి పిలిచినట్టు, మెల్లగా సముద్రం వైపు తిరిగింది. మేం తాడు విప్పాం. ఇక ఆ పోక చెప్పనలవి కాదు. నది మమ్మల్ని అరచేతిలో పెట్టుకుని తీసుకుపోయింది. లుంగీ పోయింది, పెంకుటిల్లు పోయింది, కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా వెనక్కి పోయాయి. అత్త కొంగు నడుముకు బిగించి, ఎడమా కుడీ ఎడమా కుడీ తెడ్డు వేస్తూ, కందెన వేసిన బండిలా సాగింది. నది వెడల్పయింది, గాలి మారింది, ఎదురుగా తెల్లటి ఇసుక దిబ్బ, దాని అవతల నురుగలు విరుచుకుపడే సముద్రం. పడవలావిడ చెయ్యెత్తి ఇక చాలంది. మేం ఆ దిబ్బ మీదికి ఎక్కించాం పడవను.

అత్త దిగి, ఒక పక్క నదీ ఒక పక్క సముద్రమూ ఉన్న ఆ ఇసుక మీద నిలబడింది. వంగి చేత్తో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకుని, ఉప్పు అని తల ఊపింది. ఆ తర్వాత ఆమె ముఖంలో సంతోషం పోయి కోపం వచ్చింది. "ఇన్ని నీళ్లు ఊరికే పోయి దాంట్లో పడతాండాయే. అడిగే దిక్కు లేదా వీళ్లకు?" అంది. అత్త ఏమంటోందని పడవలావిడ నన్ను అడిగింది. నేను వచ్చీరాని కన్నడంలో చెబితే మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపింది. మా ఊళ్లో వాన చాలించమని మొక్కుకుంటాం అని మెల్లగా అంది. అత్త ఆమె భుజం మీద చెయ్యేసింది.

నేను చిన్నాయనకు వీడియో కాల్ చేశాను. ఆయన ముఖం ముందు అనుమానంగా కనబడింది. ఫోను సముద్రం వైపు తిప్పి, నది వైపు తిప్పి, పసుపుపచ్చ పడవ పక్కన తెడ్డు పట్టుకుని ఉన్న అత్త వైపు తిప్పేసరికి, ఆయన ఫోను పట్టుకుని వీధిలోకి పోయాడు. టీ అంగడి బెంచీలు, మనుషుల కాళ్లు, మనుషుల ముఖాలు వరసగా కనబడ్డాయి. "మా అక్కప్పా," అంటున్నాడు ప్రతి ముఖానికీ. "సముద్రం దాకా తానే తోలుకోనిపోయింది."

తిరుగు ప్రయాణంలో అత్త కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నా అరచేతుల నిండా బొబ్బలు, ముక్కు మీద చర్మం ఊడి వస్తూ ఉంది, జుట్టు ఉప్పుతో అట్టకట్టింది. నేను మాత్రం నిటారుగా కూర్చుని, బస్సు ఎక్కిన ప్రతివాళ్ల వైపూ ఆశగా చూశాను. ఎక్కడికి పోయొస్తున్నారని ఎవరైనా అడుగుతారని. ఎవరూ అడగలేదు. చివరికి టికెట్టు చూడటానికి వచ్చిన కండక్టరుకు అడగకుండానే చెప్పాను. అతను నేను చెప్పిన ఊరి పేరు విని, అది వెనకే దాటిపోయిందే, ఎందుకు దిగలేదని కంగారుపడ్డాడు. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు నేను రోజూ బస్సులోనే ఆఫీసుకు పోతాను, ఎక్కగానే కళ్లు మూసుకుంటాను, పక్కన ఎవరు కూర్చున్నారో చూడను. ముక్కు మీద చర్మం ఊడిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల ఎప్పుడైనా వచ్చి నా పక్క సీట్లో కూర్చుంటే మాత్రం ఆ రోజు నిద్ర మానేస్తాను. ఆమె ఆశగా నా వైపు చూడక ముందే, నేనే అడుగుతాను, "యాడికి పోయొస్తాండావు పాపా?" అని.